నాలుగో సీటువారు ఉప్మా తినలేదు

ప్రైవేటు విమానాల కంపెనీలో పైలట్‌నంటే మా కాలనీలో అందరూ నేను రోజూ పెద్దవాళ్ళను ఆకాశంలో తిప్పుతుంటానని అనుకునేవారు. నిజానికి నేను తిప్పేవాటిలో సగం ఉత్త సీట్లు. పెద్దమనిషిని పొద్దున రాజమండ్రిలో దింపితే ఆయన మళ్ళీ ఎల్లుండికిగాని రాడు. అంతవరకు విమానాన్ని అక్కడే పెట్టుకుని కూర్చోలేం కనుక ఖాళీగా హైదరాబాదు వచ్చేస్తాం. ఎల్లుండి మళ్ళీ ఖాళీగా వెళ్ళి ఆయన్ని ఎక్కించుకొస్తాం. ఆటోవాడు చేసే పనే, కాస్త ఎత్తులో చేస్తాం.

ఆ ఖాళీ ప్రయాణాలంటే నాకు ప్రాణం. టై వదులు చేసుకుని హాయిగా నడిపేవాణ్ణి. పక్కన కోపైలట్ ఇమ్మానుయేలు చర్చి పాటలు పాడేవాడు. వెనక అతిథుల సంగతి చూసుకునే నస్రీన్ మిగిలిన కేకు మూడు ముక్కలు చేసి తెచ్చేది. పదకొండేళ్ళు అలా గడిచాయి. తర్వాత వైకుంఠం గారు వచ్చారు.

దుగ్గిరాల వైకుంఠం గారు మా కంపెనీకి కొత్త నాణ్యతాధిపతి. అంతకు ముందు ఒక పెద్ద హోటల్లో దిండ్ల విభాగం చూసేవారు. దిండును మంచానికి ఏ కోణంలో ఆనించాలో డెబ్భై పేజీలు రాశారట. మా చైర్మన్ రాజుగారు భీమవరం దగ్గర రొయ్యల చెరువులతో మొదలుపెట్టి విమానాల దాకా వచ్చిన మనిషి. ఆయన ఒకసారి ఆ హోటల్లో పడుకుని, మెడనొప్పి లేకుండా లేచి, ఈ దిండు పెట్టినవాణ్ణి మన కంపెనీకి పట్టుకురండి అన్నారు. పట్టుకొచ్చారు.

వచ్చిన మూడో రోజునే వైకుంఠం గారు నన్ను గదికి పిలిపించారు. కిందటి ఏడాది నేను నాలుగొందల ప్రయాణాలు చేశానని, అతిథుల అభిప్రాయ పత్రాలు మాత్రం రెండొందల ప్రయాణాలకే ఉన్నాయని, మిగతావి ఏమయ్యాయని అడిగారు. అవి ఖాళీ ప్రయాణాలండీ అన్నాను. ఖాళీ అంటే ఏమిటన్నారు. లోపల ఎవరూ ఉండరన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా మీద జాలి పడుతున్నట్టుగా చూశారు.

"కెప్టెన్ ఫణిభూషణ్, సేవ అనేది ఒక స్థితి. అతిథి అనేవాడు ఒక సందర్భం. సందర్భం లేదని స్థితి మారిపోతే అది సేవ కాదు, నటన."

నాకు అర్థం కాలేదు గాని తల ఊపాను. ఆ తల ఊపుడు వల్లే సర్క్యులర్ వచ్చిందని ఇమ్మానుయేలు ఇప్పటికీ అంటాడు. ఇకమీదట ప్రతి ఖాళీ ప్రయాణంలోనూ ఎనిమిది సీట్లకూ సంపూర్ణ అతిథి మర్యాదలు జరుగవలెననీ, వేడి తువ్వాలు, స్వాగత పానీయం, అల్పాహారం, భద్రతా సూచనలు ఏ లోపమూ లేకుండా అందవలెననీ, సిబ్బంది తప్ప అన్యులెవరూ ఆ ప్రయాణంలో ఉండరాదనీ అందులో రాశారు. కింద చైర్మన్ గారి సంతకం. రాజుగారు చదివి చేశారా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మొదటి ప్రయాణాన్ని తానే స్వయంగా తనిఖీ చేస్తానని వైకుంఠం గారు సంచీ సర్దుకుని వచ్చారు. మెట్లదాకా వచ్చాక ఆయనకే తట్టింది, తాను ఎక్కితే అది ఖాళీ ప్రయాణం కాకుండా పోతుందని. సంచీతో సహా వెనక్కి మళ్ళి, లోపల కెమెరా పెట్టించారు.

అలా విజయవాడ నుంచి ఖాళీగా వస్తూ నేను మొదటిసారి తలుపు దగ్గర నిలబడి ఎనిమిది సీట్లకు నమస్కారం పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను. నస్రీన్ ఒక్కో సీటుకూ బెల్టు పెట్టి, తువ్వాలు పరిచి, ప్రమాదం వస్తే తలుపులు ఎటున్నాయో చేతులు చాపి చూపించింది. చిత్రమేమిటంటే సిగ్గు మూడు ప్రయాణాలకన్నా ఎక్కువ నిలవలేదు. నాలుగోసారి నేను రెండో సీటువారిని ఆరోగ్యం ఎలా ఉందండీ అని అడిగేశాను. కెమెరాలో అది చూసి వైకుంఠం గారు నాకు ప్రశంసాపత్రం పంపారు.

చిక్కు అభిప్రాయ పత్రాల దగ్గర వచ్చింది. ఎనిమిది సీట్ల ముందూ ఎనిమిది కాగితాలు, ఎనిమిది పెన్నులు పెట్టేవాళ్ళం. దిగేసరికి అన్నీ తెల్లగా ఉండేవి. ఎనిమిది మంది అతిథుల్లో ఒక్కరైనా స్పందించకపోవడానికి కారణమేమో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసిందని నాకు మెమో వచ్చింది. సీట్లకు చేతులు లేవని రాశాను. లోపాన్ని అతిథి మీదకు నెట్టడం మన సంస్కృతి కాదని జవాబొచ్చింది.

చివరికి కమిటీ వేశారు. ఆ కమిటీ రెండు పూటలు కూర్చుని ఒక తీర్మానం చేసింది. అసంతృప్తి ఉన్న అతిథి ఊరుకోడు, ఏదో ఒకటి అంటాడు. వీరెవరూ ఏమీ అనలేదు. కనుక వీరంతా సంపూర్ణ సంతృప్తితో ఉన్నారు. తెల్ల కాగితానికి అయిదు స్టార్లు.

ఆ రోజునుంచి మా కంపెనీ జాతకం మారింది. నెలాఖరుకి గోడమీద పట్టిక పెట్టారు. ఖాళీ సీట్ల సగటు అయిదుకు అయిదు. మనుషుల సగటు మూడున్నర. మనుషుల సంగతి తెలిసిందే. నెల్లూరు కాంట్రాక్టరొకాయన దారిలో మబ్బులు ఎక్కువున్నాయని రెండిచ్చాడు. ఒంగోలు గ్రానైట్ ఆసామి తనకింకా దిగాలనిపించక ముందే దించేశారని మూడిచ్చాడు. ఇంకొకాయన పైలట్‌కు మీసం లేదు, నమ్మకం కలగడం లేదు అని రాసి ఒకటిచ్చాడు. వాళ్ళ కోసం నేను మీసం కూడా పెంచాను.

సరిగ్గా అప్పుడే కొత్త జెట్ కబురు వచ్చింది. పద్నాలుగు సీట్లు, ఎక్కడా ఆగకుండా సింగపూర్ దాకా పోగలదు. సగటు నాలుగు పాయింటు తొమ్మిది దాటిన పైలట్‌కే దాన్ని ఇస్తామన్నారు. నిజం చెబుతున్నాను, నాకు ఆశ పుట్టింది. పదకొండేళ్ళుగా నా ఎనిమిది సీట్ల బండితో రేణిగుంటకీ గన్నవరానికీ తిరిగి తిరిగి విసిగిపోయాను. ఒక్కసారి సముద్రం మీదుగా నాలుగైదు గంటలు పోవాలని, కింద నీళ్ళు తప్ప ఏమీ కనిపించకూడదని పైలట్ అయిన రోజునుంచీ కోరిక. నాకు యాభై రెండేళ్ళు. ఇది తప్పితే మరో జెట్ రాదు.

అంతే, మనుషుల్ని తప్పించుకోవడం మొదలుపెట్టాను. డ్యూటీలు వేసే గుమాస్తాను బతిమాలి నన్ను ఎప్పుడూ ఖాళీ ప్రయాణాలకే వేయించుకునేవాణ్ణి. ఈ తెలివి నా ఒక్కడిదే కాదు, మిగతా పైలట్లదీ అదే పని. పెద్దమనుషుల్ని తీసుకెళ్ళాల్సిన రోజున ఒకడికి జ్వరం, ఒకడికి నడుంనొప్పి. అదే మనిషికి ఆ మధ్యాహ్నం ఖాళీగా వెళ్ళాలంటే నడుం సర్దుకునేది.

మనుషులు సగటును పాడుచేస్తున్నారని వైకుంఠం గారు కూడా గమనించారు. ఆయన నిష్పక్షపాతి కనుక మనుషులకొక అవకాశం ఇచ్చారు. 'ఆదర్శ అతిథి' అని మూడు నిమిషాల వీడియో తీయించి, ఎక్కేముందు అందరికీ చూపించమన్నారు. అందులో మూడు నిమిషాలూ ఒక ఖాళీ సీటు కనిపిస్తుంది. అంతే. ఆదోని నుంచి వచ్చిన పత్తి మిల్లు యజమాని ఒకాయన అది శ్రద్ధగా చూసి, విమానంలో చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయాడు. కాఫీ తీసుకుంటారా అని నస్రీన్ అడిగితే, పక్క సీటు ఏమంటుందోనని అటు చూసి, అది ఏమీ అనకపోయేసరికి తానూ ఏమీ అనలేదు. అయినా నివేదికలో 'ఊపిరి వినిపించినది' అని రాసి ఆయన్ని రెండో శ్రేణి అతిథుల్లో వేశారు.

ఖాళీ సీట్ల విషయంలో మాత్రం ఎంత శ్రద్ధ చేసినా తక్కువే. ఒకరోజు నస్రీన్ దిగులుగా కాక్‌పిట్‌లోకి వచ్చింది.

"సార్, నాలుగో సీటు సార్ ఉప్మా ముట్టలే. నిన్న గూడ ముట్టలే. నాకేం మంచిగ అనిపిస్తలేదు."

మిగతా ఏడుగురు తిన్నారా అని అడగబోయి మానుకున్నాను. ఆ అమ్మాయి ఆ మాట రిపోర్టులో రాసింది, వైకుంఠం గారు స్పందించారు, మరుసటి వారం నుంచి నాలుగో సీటువారికి పెసరట్టు. పాత కాలంలోలాగా మిగిలింది మేము తినడానికి లేదు, అది అతిథుల సొత్తు. ఇమ్మానుయేలు ఒక రోజు ఆకలి పట్టలేక ఏడో సీటువారి వడ తిన్నాడు. అతిథి భోజనాన్ని అపహరించినందుకు అతని మీద విచారణ వేశారు. అతను రాజీనామా చేసి సరుకుల విమానాల కంపెనీకి పోయాడు. పెట్టెలు వడలు తినవు, కాగితాలు నింపవు, నన్ను వదిలెయ్ అన్నా, అని నాతో అన్నాడు. అతని స్థానంలో వచ్చిన కుర్రాడికి పాటలు రావు.

ఇక అసలు సంగతి. ఆ మార్చి నెలాఖరుకి నా సగటు నాలుగు పాయింటు ఎనిమిది తొమ్మిది. ఇంకొక్క ఖాళీ ప్రయాణం చేస్తే నాలుగు పాయింటు తొమ్మిది దాటుతుంది, కొత్త జెట్ నాది. ఆ ప్రయాణం కంపెనీకి కూడా ముఖ్యమే. అతిథుల నుంచి ఒక్క ఫిర్యాదైనా లేకుండా వరసగా తొంభై తొమ్మిది ఖాళీ ప్రయాణాలు పూర్తి చేశాం, ఇది నూరోది. నూరు నిండితే అఖిల భారత అతిథి సేవా మండలివారు ఆ సాయంత్రం అయిదింటికి హైదరాబాదులో పెద్ద పురస్కారం ఇస్తారు. అందుకోవలసింది చైర్మన్ గారు.

మధ్యాహ్నం పన్నెండింటికి రాజమండ్రిలో, తప్పించుకోలేక తెచ్చిన ఒక సిమెంటు కంపెనీ ఆయన్ని దింపి, బెల్టులు పెట్టి, తువ్వాళ్ళు వేడి చేసి, బయలుదేరబోతున్నాం. ఎండలో ఎవరో పరుగులాంటి నడకతో వస్తున్నారు. చూస్తే రాజుగారు. చెరువులు చూసుకోవడానికి వచ్చారట, తాను ఎక్కాల్సిన మామూలు విమానం రద్దయిందట. తన కంపెనీ బండే ఎదురుగా ఉంది కదా అని ధీమాగా మెట్లెక్కబోయారు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. నా జీవితంలో అంత సాహసం ఎప్పుడూ చేయలేదు.

విషయం చెప్పాను. ఆయన ఎక్కితే ఇది ఖాళీ ప్రయాణం కాదు, నూరు నిండదు, పురస్కారం పోతుంది. నా జెట్ సంగతి నేను చెప్పలేదు గాని మనసులో అదే తిరుగుతోంది. రాజుగారు అతిథిగా ఎక్కితే స్టార్లు వేస్తారు. తన షష్టిపూర్తి భోజనాలకే మూడు స్టార్లిచ్చిన మనిషి ఆయన.

"ఏంటయ్యా, నా బండి నేనెక్కడానికి నువ్వడ్డవేంటి? ఆ దిండ్లాయనకి ఫోన్ కొట్టు."

కొట్టాను. వైకుంఠం గారు అవతల నుంచి చైర్మన్ గారికి చైర్మన్ గారి సర్క్యులరే చదివి వినిపించారు. 'సిబ్బంది తప్ప అన్యులెవరూ' అనే దగ్గర రెండుసార్లు చదివారు. మీరు అన్యుల కిందికే వస్తారు సార్, సంతకం తమరిదే, అని ముగించారు. రాజుగారు ఫోన్ పెట్టేసి, రుమాలుతో మెడ తుడుచుకుని, వాచీ చూసుకున్నారు. కారులో బయలుదేరితే అయిదింటికి హైదరాబాదు చేరలేరు. విమానం ఎక్కితే అందుకోవడానికి పురస్కారం ఉండదు.

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. సిబ్బంది అయితే ఎక్కవచ్చు సార్ అన్నాను.

నస్రీన్ దగ్గర అదనపు ఏప్రన్ ఒకటుంది. రాజుగారిది భారీ విగ్రహం, వెనక ముడి పడలేదు, పిన్నీసు పెట్టింది. విమానం పైకి లేచాక నేను కుర్రాడికి నడపడం అప్పజెప్పి తలుపు సందులోంచి చూశాను. నలభై చెరువులకూ మూడు విమానాలకూ యజమాని, పళ్ళెంలో తువ్వాళ్ళు పట్టుకుని, ఒకటో సీటు ముందు ఏం చేయాలో తెలియక నిలబడి ఉన్నారు. వంగాలి సార్ అని నస్రీన్ నెమ్మదిగా చెప్పింది. వంగారు. నవ్వాలి సార్ అంది. నవ్వడానికి ప్రయత్నించారు. ఎనిమిది సీట్లయ్యేసరికి ఆయనకు చెమటలు పట్టి అయిదో సీట్లో కూలబడ్డారు.

"సార్, అక్కడ గెస్టున్నరు," అంది నస్రీన్.

రాజుగారు ఉలిక్కిపడి లేచారు. సీటు వంక తిరిగి, చూసుకోలేదండీ, ఏమీ అనుకోకండి, అన్నారు. తర్వాత దిగేవరకూ వెనక నస్రీన్ కూర్చునే మడత కుర్చీలో, మోకాళ్ళు ముడుచుకుని, కూర్చున్నారు. నూరో ప్రయాణం పూర్తయింది. తెల్ల కాగితాలు ఎనిమిదీ ఆయనే స్వయంగా ఏరి తెచ్చి నాకిచ్చారు. పురస్కారం అందుకున్నారు. నా సగటు నాలుగు పాయింటు తొమ్మిది దాటింది.

ఇక ఈ పిచ్చి ఆగిపోతుందని నేను నిశ్చయంగా అనుకున్నాను. మర్నాడు వైకుంఠం గారి ఉద్యోగం ఊడుతుందని మెకానిక్కులు పందేలు కూడా వేశారు. ఊడేదేమో గాని, ఆయన ఆ పొద్దున్నే చైర్మన్ గారికి ఒక నివేదిక పంపారు. నాణ్యతకు హోదా లేదు గనుక తనిఖీ నివేదికలో మినహాయింపు చూపలేకపోతున్నామని, నిన్నటి కొత్త సహాయకుని నడుము వంపు చాలలేదని, చిరునవ్వులో ఆత్మీయత కొరవడినదని, మొత్తం మీద రెండున్నర అని.

రాజుగారు పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ పళ్ళెం అందించి ఎరగరు. అలాంటిది అందించారు, పైగా రెండున్నరే వచ్చింది. ఆయన పట్టుదల మనిషి. ఆ సాయంత్రమే విమానాలు నిలిపే హ్యాంగరుకు వచ్చి ఏప్రన్ అడిగారు. రోజూ గంటసేపు సీట్లకు కాఫీలిచ్చి సాధన చేశారు. రెండు వారాల్లో నాలుగుకు వచ్చారు. ముప్పై ఏళ్ళుగా మనుషులకు ఎంత చేసినా ఏదో ఒక వంక పెట్టారని, వీళ్ళు మాత్రం ఇచ్చింది పుచ్చుకుని పల్లెత్తు మాట అనడంలేదని, ఇంత మంచి వాళ్ళను తన జీవితంలో చూడలేదని నస్రీన్‌తో అంటూ ఒకరోజు కళ్ళు తుడుచుకున్నారట. మనుషుల బుకింగులు ఆ వారంలోనే ఆపేశారు.

కొత్త జెట్ వచ్చింది. తెల్లగా, పొడుగ్గా, ముక్కు దగ్గర నీలం గీతతో, చూస్తే కడుపు నిండిపోయేలా ఉంది. దాన్ని ప్రత్యేకంగా మొదటి శ్రేణి అతిథుల కోసం, అంటే ఖాళీ సీట్ల కోసం కేటాయించారు. కెప్టెన్‌ని నేనే. నేను సంతోషంతో సింగపూర్ మ్యాపులు తెచ్చుకుని వైకుంఠం గారి దగ్గరకు పరిగెత్తాను, మొదటి ప్రయాణం ఎప్పుడని.

"ఎక్కడికి, కెప్టెన్? ఈ అతిథుల్లో ఎవరైనా ఎక్కడికైనా వెళ్ళాలని అడిగారా?"

అడగలేదు. అడగని చోటికి తీసుకెళ్ళడం సేవాలోపం. అందువల్ల జెట్ హ్యాంగరులోనే ఉంది. నేను రోజూ పొద్దున పద్నాలుగు సీట్లకు నమస్కారం పెట్టి, కాక్‌పిట్‌లో కూర్చుని, మనం ముప్పై ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ప్రయాణిస్తున్నామని మైకులో చెప్పేవాణ్ణి. ఎదురుగా అద్దంలోంచి హ్యాంగరు తలుపు, దాని పక్కన మెకానిక్కుల సైకిళ్ళు కనిపించేవి. సముద్రం మీదికి పోవాలనుకున్నవాణ్ణి, సైకిళ్ళను చూస్తూ కూర్చున్నాను. మనుషుల్ని తప్పించుకు తిరిగిన పాపం నాదే, ఎవర్ని తిట్టుకోను?

మూడు నెలలు గడిచాయి. పైలట్లకొక నియమం ఉంది. తొంభై రోజుల్లో మూడుసార్లయినా విమానాన్ని లేపి దింపకపోతే ఆ పైలట్ ప్రయాణికుల్ని ఎక్కించుకుని నడపడానికి లేదు. ఒక్కసారి గాల్లోకి పోనివ్వండి, చుట్టూ ఒక చుట్టు తిప్పి తెచ్చేస్తాను అని వైకుంఠం గారిని అడిగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చేతులు పట్టుకుని అడిగాను. ఆయన సానుభూతితోనే విన్నారు. పరిశీలిస్తామన్నారు.

పరిశీలించారు. వారం రోజులు నన్ను సెలవు మీద పంపి, నేను లేని ఏడు ప్రయాణాల నివేదిక తయారుచేశారు. అతిథుల సంతృప్తి ఎప్పటిలాగే అయిదుకు అయిదు. విమానం ఎప్పటిలాగే సురక్షితంగా గమ్యం చేరింది. కుదుపులు లేవు, ఆలస్యం లేదు. పైలట్ ఉనికి వల్ల సేవలో అదనంగా సమకూరుతున్నదేమీ లేదని తేలినందున, కెప్టెన్ ఫణిభూషణ్‌ను సగౌరవంగా విడుదల చేయడమైనది అని ఉత్తర్వు.

ఆఖరి రోజున నా టోపీ కాక్‌పిట్‌లో ఉండిపోయిందని తెచ్చుకోవడానికి వెళ్ళాను. జెట్ తలుపు తీసే ఉంది. లోపల రాజుగారు ఏప్రన్ కట్టుకుని, పద్నాలుగు సీట్లకూ కాఫీలిచ్చి, పళ్ళెంలో ఇంకొక కప్పుతో కాక్‌పిట్ వైపు నడిచారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన నన్ను ఏమయ్యా అనో, ఇదిగో పైలట్ అనో పిలిచారు తప్ప ఒక్కసారి పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆయన నా ఖాళీ సీటు ముందు నడుము పూర్తిగా వంచి, ముఖమంతా నవ్వుతో, కాఫీ తీసుకోండి ఫణిభూషణ్ గారూ, మీరెంత బాగా నడుపుతున్నారండీ, అన్నారు.